పాత డేటు స్టాంపు పేపర్ తెస్తానంటే లేచి వచ్చేయండి

అగ్రిమెంట్ రాసుకుని రిజిస్ట్రేషన్ కాక తిరుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇందులో నా తప్పు నేను దాచుకోను.

2017లో శంషాబాద్ వైపు 200 గజాల ప్లాటుకు అగ్రిమెంట్ చేసుకుని, 8 లక్షల బయానా చెక్కు ఇచ్చాను. మిగతాది మూడు నెలల్లో కట్టాలి. నా లోన్ లేటయింది. "పర్లేదు, లోన్ వచ్చాకే చేసుకుందాం" అని ఓనరే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఈలోగా రేట్లు పెరిగాయి, ఫోన్ ఎత్తడం మానేశాడు.

కేసు వేద్దామనుకుంటుంటే మధ్యవర్తి వచ్చాడు. "మెసేజ్‌లు కోర్టులో నిలబడవన్నా. గడువు పెంచినట్టు ఒక కాగితం ఉండాలె. పాత డేటు పేపర్ నేను తెస్తా" అన్నాడు. పదిహేను వేలు తీసుకున్నాడు. పేపర్ వచ్చింది. వెనక వెండర్ ముద్ర, పాత తేదీ, కింద ఓనర్ సంతకం. అది ఎవరు పెట్టారో నేను అడగలేదు. మా వకీలుకూ చెప్పలేదు.

కేసు వేశాక క్రాస్‌లో, అంటే అవతలి వకీలు నన్ను ప్రశ్నలడిగేటప్పుడు, సరిగ్గా దాని మీదే పట్టుకున్నారు. అవతలి వకీలు స్టాంపు వెండర్ రిజిస్టర్ తెప్పించాడు. ఆ నంబరు పేపర్ అమ్ముడైంది, మా కాగితం మీదున్న తేదీకి 14 నెలల తర్వాత! ఆ పేజీ జడ్జిగారి ముందు పెడుతుంటే తల ఎత్తలేకపోయాను.

ఓనర్ తక్కువ తిన్నాడా? బయానా చెక్కు చేబదులని చెప్పాడు. కోర్టు అదీ నమ్మలేదు. అయినా ప్లాటు నాకు రాలేదు. ఎందుకంటే రిజిస్ట్రేషన్ చేయించమని అడగడం బాకీ వసూలు లాంటిది కాదు, న్యాయం చూసి ఇచ్చేది. అడిగేవాడు క్లీన్ హ్యాండ్స్‌తో, అంటే ఏ మోసం చేయకుండా రావాలంటారు. నా అగ్రిమెంట్ నాటికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 20 కింద అది జడ్జి విచక్షణ. 2018 సవరణలో ఆ విచక్షణ తీసేశారు కదా అని ధీమా వద్దు. డబ్బుతో సిద్ధంగా ఉన్నానని కొనేవాడే నిరూపించాలనే సెక్షన్ 16 అలాగే ఉంది. దొంగ కాగితం పెట్టినవాడు ఇంకేం చెప్పినా ఎవరు నమ్ముతారు?

1993లో సుప్రీంకోర్టు చెంగల్వరాయ నాయుడు కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. అక్కడ దావా వేసినాయన తాను రాసిచ్చిన హక్కు విడుదల పత్రాన్ని కోర్టుకు చెప్పకుండా డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకున్నాడు. దాచినందుకే ఆ డిక్రీ చెల్లదంది. నేను దాచడం కాదు, పుట్టించాను.

దావాలో ముందే ప్రత్యామ్నాయంగా బయానా వాపసు కూడా అడిగాం కాబట్టి 8 లక్షలు వడ్డీతో వచ్చాయి. అదే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 ప్రకారం అది దావాలోనే ప్రత్యేకంగా అడగాలి, లేకపోతే ఇవ్వరు. మీ ప్లెయింట్‌లో (దావా పత్రంలో) ఆ లైను ఉందో లేదో ఈరోజే చూసుకోండి. వాట్సాప్ చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది అమ్మకండి. ఓనర్ గడువు పెంచిన ఆ అసలు మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. దొంగ కాగితం ఉందన్న ధైర్యంతో దాన్ని కోర్టుకు ఇవ్వనేలేదు.

మధ్యవర్తిని సాక్షిగా పిలుద్దామనుకున్న రోజు నుంచి అతని ఫోన్ స్విచాఫ్.