900 రూపాయలకి ఒక పల్లెటూరు

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీద ఆదివారం పూట పెయింటింగ్ క్లాసు పెడుతున్నారు. జానపద పద్ధతిలో పల్లెటూరి బొమ్మ, యాక్రిలిక్ రంగులతో. మూడు గంటల క్లాసుకి మనిషికి 900. కాన్వాసు, బ్రష్షులు, రంగులు వాళ్లవే. "మీరూ రండి అత్తయ్యా" అని కోడలు లాక్కెళ్లింది.

నేర్పే అమ్మాయికి పని బాగా తెలుసు. ముందు కాన్వాసంతా ఇటుక రంగు పూయించింది. "ఇందులో దూరం, దగ్గర అన్న లెక్క లేదమ్మా, మీకు ఇష్టమైంది పెద్దగా వేసుకోండి" అంది. దాంతో నా భయం సగం పోయింది. మా ఆవు పాక కన్నా పెద్దదైంది. ఇటుక రంగు మీద వలిసె పూల పసుపు వేస్తే మురికిగా కనబడింది. కింద తెలుపు వేసి, ఆరాక పసుపు వేయమంది. అలా వేస్తే నవంబరులో అరకు చేలే! ఆరాక రంగు కాస్త ముదురుతుంది, లేతగా కలుపుకోండని కూడా ముందే చెప్పింది.

చెప్పనిది ఫ్యాను సంగతి. నెత్తి మీద అది జోరుగా తిరుగుతుంటే ప్లేటులో రంగు పది నిమిషాలకే పొర కట్టేసింది. తడి టిష్యూ మీద పెట్టుకుంటే ఆరదని గంట తర్వాత చెప్పారు, అప్పటికి సగం తెలుపు పాడైంది. సన్న బ్రష్షు మొదటి గీతకే రెండు పాయలైంది. గీతలకి కోడలి బ్రష్షు తీసుకున్నా. చుక్కలకి మాత్రం వాళ్ల దేవుడి పటం దగ్గర కాలిపోయిన అగరుబత్తి పుల్ల అడిగి తెచ్చుకున్నా, భేషుగ్గా వచ్చాయి.

నాకు నచ్చనిది నమూనా బొమ్మ. మంచు కొండలు, పొగగొట్టం ఉన్న ఇల్లు! మా చోడవరం వైపు బెల్లం వండే పొయ్యికి తప్ప ఇంటికి పొగగొట్టం నేను చూడలేదు. వేరేది వేస్తానంటే పాపం కాదనలేదు. చెరకు తోట, బెల్లం పెనం, తాటిచెట్లు వేసి, పక్కనే నడుములు పట్టుకుని అరకు గిరిజనుల థింసా ఆడే ఆడవాళ్ల వరుస పెట్టాను. "చోడవరంలో థింసా ఏంటి అత్తయ్యా?" అని కోడలు ఒకటే నవ్వు. దూరం లెక్క లేదన్నారుగా!

లిఫ్టు లేదు, రెండంతస్తులు ఎక్కాలి. ఏప్రాన్ ఇవ్వరు. రంగు ఆరిందంటే బట్ట మీంచి పోదు, పాత చీర కట్టుకెళ్లండి.