కాంచనబురిలో ముత్తాత జాడ: వంతెన కన్నా గుడికి ముందు వెళ్లండి

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌వాళ్లు థాయిలాండ్ నుంచి బర్మాకు వేయించిన డెత్ రైల్వే పనిలో పోయిన మనిషి ఆనవాలు వెతుక్కుంటూ థాయిలాండ్‌లోని కాంచనబురి వెళ్లేవాళ్లకు మొదట చెప్పాల్సింది ఒకటే. బ్యాంకాక్‌లో ఒక్కరోజు టూరు కొనకండి. తలకు 2,400 బాట్లు కట్టించుకుని మాకు చూపించిన భాగ్యం ఇదీ: ఏనుగుల దగ్గర గంటన్నర, భోజనానికి గంట, వంతెన మీద ఫొటోలకు ముప్పావుగంట, సమాధుల దగ్గర ఇరవై నిమిషాలు. ఆసియా కూలీలను పూడ్చిన చోటు చూపించమంటే అది ప్రోగ్రాంలో లేదన్నాడు గైడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇక్కడ పోయినవాళ్లంతా తెల్లవాళ్లేనని కూడా సెలవిచ్చాడు. మాతో వచ్చిన పెద్దాయన తిరుగుదారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. మళ్లీ సొంతంగా వెళ్లొచ్చాం. రైలు టికెట్టు మనిషికి వంద బాట్లు.

ఆ గైడు మాట ఎంత తప్పో లెక్కలే చెబుతాయి. థాయిలాండ్‌లోని బాన్ పాంగ్ వైపు నుంచి బర్మాలోని తన్‌బ్యూజాయత్ దాకా 415 కిలోమీటర్ల లైను. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17న కొంకోయిటా దగ్గర రెండు కొసలూ కలిపారు. పనిచేసిన యుద్ధఖైదీలు సుమారు 60 వేలు, వాళ్లలో పోయినవాళ్లు 12 వేల పైచిలుకు. జపాన్‌వాళ్లు రోముషా అని పిలిచిన ఆసియా కూలీలు దాదాపు రెండు లక్షలు, పోయినవాళ్లు 90 వేల వరకూ అని అంచనా. మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల నుంచి మూడు నెలల పని, రోజుకు డాలరు కూలి అని చెప్పి తోలుకెళ్లిన మనవాళ్లు ఈ రెండో లెక్కలోకి వస్తారు. ఖైదీలకు వాళ్ల అధికారులు దొంగచాటుగానైనా పేర్ల జాబితాలు రాసుకున్నారు. కూలీలకు రాసేవాడు లేడు. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు గుంపులుగా కాల్చారు, గోతుల్లో వేశారు. అందుకే 'సమాధి చూడాలి' అనుకుని వెళితే గుండె బరువెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. 'చోటు చూడాలి' అనుకుని వెళ్లండి.

అసలు పని సగం ఇంట్లోనే అవుతుంది, అదే చాలామంది ఎగ్గొడతారు. ముందు మీ మనిషి సిపాయా, కూలీయా తేల్చుకోండి. సిపాయి అయితే, బ్రిటిష్ కూటమి తరఫున పోరాడి పోయినవాళ్ల సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టి వెతకొచ్చు, ఉచితం. చాలామంది భారతీయ సిపాయిల పేర్లు థాయిలాండులో కాక సింగపూర్ క్రాంజిలోనో, రంగూన్ దగ్గర తౌక్యాన్ స్తంభాల మీదో ఉంటాయి. కాంచనబురికి టికెట్టు కొనే ముందే అది చూసుకోండి. కూలీ అయితే అక్కడ పేరుండదు. వెతకాల్సింది తోట పేరు, ఓడ, కంగాణీ (కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ). పాత ఉత్తరాల మీద తపాలా ముద్ర చూడండి, తోట ఏ ఊరి దగ్గరో దాన్నిబట్టే తెలుస్తుంది.

పేర్ల దగ్గర బోల్తా పడేవాళ్లే ఎక్కువ. మలయా కాగితాల్లో ఇంటిపేరు ఎగిరిపోతుంది, 'ఫలానా వాడి కొడుకు' అని తండ్రి పేరు మిగులుతుంది. అప్పలస్వామి కాస్తా అప్పలసామి అవుతాడు, పక్కన జాతి 'తమిళ్' అని పడుతుంది. ఒక్కో పేరును అయిదారు రకాల స్పెల్లింగులతో వెతకాలి. ఇంకోటి, శ్రీకాకుళం జిల్లా 1950లో గానీ ఏర్పడలేదు. దానికి ముందు కాగితాల్లో విశాఖపట్నం, గంజాం అనే వెతకాలి. సింగపూర్ నేషనల్ ఆర్కైవ్స్‌లో జపాన్ ఆక్రమణ నాటి మౌఖిక చరిత్ర రికార్డింగులున్నాయి. మీ మనిషి పేరు దొరక్కపోవచ్చు గానీ, మనుషుల్ని లారీల్లోకి ఎలా ఎక్కించారో బతికి తిరిగొచ్చినవాళ్ల నోట వినడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఇక ప్రయాణం. బ్యాంకాక్‌లో థోన్‌బురి స్టేషను నుంచి పొద్దున ఎనిమిదికి కాస్త ముందు బండి. అన్నీ థర్డ్ క్లాసు పెట్టెలే, ఫ్యాన్లే, కిటికీలు తెరిచే ఉంటాయి. విదేశీయులకు ఈ లైనులో ఎక్కడికైనా వంద బాట్లే. పదిన్నర ప్రాంతంలో కాంచనబురి. స్టేషను నుంచి యుద్ధ స్మశానం నడక దూరం, టుక్‌టుక్ వాడి మాట వినకండి. పక్కనే థాయిలాండ్-బర్మా రైల్వే సెంటర్. మీకు ఒక్కపూటే ఉంటే మ్యూజియాల్లో ఇదొక్కటే చూడండి. కూలీల సంగతిని మూలకు తోసేయకుండా చెప్పేది ఇదే.

స్మశానం చూస్తే మనసు రెండు రకాలుగా అవుతుంది. కత్తిరించిన పచ్చిక, వరసలు తప్పని ఫలకాలు, ఒక్కోదాని పక్కన పూలమొక్క. కామన్‌వెల్త్ వాళ్లు 5,084 మంది, డచ్చివాళ్లు 1,896 మంది. ప్రవేశ మంటపంలో ఒక్క నిమిషం ఆగండి. థాయిలాండులోని ముస్లిం స్మశానాల్లో ఖననమైనా, ఆ సమాధులను కాపాడటం కుదరని 11 మంది అవిభక్త భారత సిపాయిల పేర్లు అక్కడున్నాయి. మనదేశం పేరు అక్కడ కనబడుతుంది, చాలామంది చూడకుండా లోపలికి నడిచిపోతారు.

అక్కడి నుంచి చైనా స్మశానం పక్కగా నడిస్తే వాట్ థావోర్న్ వరారం. ఊళ్లో 'వాట్ యువాన్' అంటేనే తెలుస్తుంది. మేం వచ్చిన పని ఇక్కడే ఉంది. పేరు లేని కూలీల అస్థికలు ఒకచోట చేర్చి వాటి మీద కట్టిన స్మారకం ఈ గుడి ఆవరణలో ఉంది. ఈ మధ్య తమిళుల చొరవతో వీరగల్లు (పోయినవాళ్ల గుర్తుగా నిలిపే రాయి) కూడా నిలిచింది. టికెట్టు లేదు, గైడు లేడు, టూరు బస్సు ఆగదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, అగరొత్తులు బయటే కొనుక్కోండి. మేమున్న గంటలో మాతో పాటు అక్కడున్నది ఒక ముసలి కుక్క. పెద్దాయన చెప్పులు విప్పి సిమెంటు గట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. టూరులో పోయిన 2,400 కడుపుమంట అప్పుడు కాస్త తగ్గింది.

వంతెన గురించి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' సినిమా పుణ్యమా అని ప్రపంచమంతటికీ తెలుసు, నేను చెప్పేది తక్కువ. వంపు తిరిగిన ఇనుప దూలాలు జావా నుంచి తెచ్చినవి. మధ్యలో నలుచదరంగా ఉన్నవి బాంబులకు పోయినవాటి స్థానంలో యుద్ధం తర్వాత వేసినవి. దానికి దగ్గర్లో 1944లో జపాన్‌వాళ్లే కట్టిన స్మారకం ఒకటుంది, చుట్టూ కొన్ని భాషల్లో ఫలకాలు. తమిళం ఉంది. తెలుగు లేదు. ప్రాణాలు తీసినవాళ్లే నివాళి రాసిపెట్టిన రాయి అది, చూసి తీరాలి.

బస విషయంలో మా తప్పు మీరు చెయ్యకండి. నది ఒడ్డున గది, 650 బాట్లు, ఫొటోలో అందంగానే ఉంది. శనివారం రాత్రి కరావోకే తెప్పలు ఒకదాని వెనక ఒకటి కిటికీ కిందుగా వెళ్లాయి, ఒక్కోదాని మీద నాలుగేసి స్పీకర్లు. దుప్పటి నెత్తిన కప్పుకున్నా మంచం అదురుతోంది. గది మార్చమంటే కౌంటరులో పిల్ల నవ్వి దూది ఉండలు ఇచ్చింది. రెండో రాత్రి స్టేషను వైపు 500 బాట్ల గదికి మారాం, హాయిగా నిద్రపట్టింది. వారాంతంలో నది చూపు అడగనే వద్దు.

రైలు దారి కోసం కొండను తొలిచిన చోటు హెల్‌ఫైర్ పాస్, ఊరికి 80 కిలోమీటర్లు. రైలు నామ్ టోక్ దగ్గరే ఆగిపోతుంది, ఆ పైన పట్టాలు ఎప్పుడో పీకేశారు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే తామ్ క్రాసే దగ్గర కొండకీ నదికీ మధ్య చెక్క వంతెన మీద బండి పాకడం కనిపిస్తుంది. నామ్ టోక్ నుంచి సంగ్‌ఖ్లబురి వైపు బస్సు పట్టుకోవాలి, ఆఖరి తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే అడగండి. ప్రవేశం ఉచితం. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు పైనున్న ప్రదర్శన కేంద్రంలోనే ఆగిపోవడం మంచిది, పెద్దాయన అలాగే చేశారు. కింద 25 మీటర్ల లోతున సుత్తులతో, చేతి ఉలులతో తొలిచిన రాతి గోడ. ఒకచోట విరిగిన ఉలి ముక్క ఇంకా బండలోనే ఇరుక్కుని ఉంది, తుప్పు రంగు రాయి మీదికి కారింది.

తిథి తెలియని ముత్తాతకు తర్పణం ఇవ్వాలంటే మహాలయ అమావాస్యకు వెళ్లేలా చూసుకోండి. ఖ్వే యై, ఖ్వే నోయ్ నదులు ఊరి దగ్గరే కలిసి మే క్లాంగ్ అవుతాయి. నల్ల నువ్వులు ఊరి బజారులోనే దొరికాయి, పొట్లం 35 బాట్లు.