ఉచిత బియ్యమా, నగదా, ఐదు రూపాయల భోజనమా, పప్పూ గుడ్లా: బస్తీలోని ఇంటికి ఏది మేలు?

తిండికి కటకటలాడే ఇంట్లో మనిషి లావుగా ఉందంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. అయితే 1995లోనే అమెరికాలో విలియం డీట్జ్ అనే పిల్లల వైద్యుడు, చేతిలో డబ్బు నిండుకున్న రోజుల్లో ఆకలి తెలియకుండా ఉండేందుకు కొవ్వు ఎక్కువగా ఉన్న చౌక తిండితో గడుపుకొచ్చిన ఒక పేద కుటుంబంలోని ఏడేళ్ల పాప ఊబకాయాన్ని వివరిస్తూ, ఆకలే ఊబకాయానికి కారణం అవుతుందా అని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పుడు మన ముందూ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఈ అంకెలను కలిపి చూస్తే, బరువూ రక్తహీనతా ఒకే మనిషిలో ఉన్న సందర్భాలూ ఉండవచ్చని అనిపిస్తుంది.

హైదరాబాద్ బస్తీలో నలుగురున్న ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇల్లాలు పొద్దున ఆరు గంటలకల్లా నాలుగిళ్లలో పనికి బయలుదేరుతుంది. మధ్యలో పడేవి రెండు కప్పుల తీపి టీ, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్. మూడు గంటలకు ఇల్లు చేరి, పళ్లెం నిండా అన్నం పెట్టుకుని పచ్చిపులుసుతోనో ఆవకాయతోనో తింటుంది. జీతాలు వచ్చిన వారం కూరలో నూనె తేలుతుంది, మాంసమూ వండుతారు. ఇరవయ్యో తారీఖు దాటితే కిరాణా కొట్టువాడు ఉద్దెర ఆపేస్తాడు, పప్పు డబ్బా అడుగంటుతుంది, ఉన్న ఒక్క గుడ్డూ పిల్లవాడి పళ్లెంలోకి వెళ్తుంది. బియ్యం మాత్రం ఉంటుంది. ఏ పథకం మేలో తేల్చాలంటే, ఆ చివరి పది రోజుల్లో ఈమె పళ్లెంలో ఏమి మారుతుందన్నదే నా కొలత.

మొదట బియ్యం. 1983లో రెండు రూపాయలకు కిలోగా మొదలై, 2013 ఆహార భద్రత చట్టంతో హక్కుగా మారి, 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితమైన ఈ ఏర్పాటును తక్కువ చేసి మాట్లాడేవారు పస్తు అంటే ఏమిటో ఎరగనివారే అయి ఉండాలి. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. దాని నుంచి దాదాపు 700 కేలరీలు అందుతాయి. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇవ్వడంతో, దొడ్డుబియ్యాన్ని అమ్ముకున్న ఇళ్లలో కూడా ఇప్పుడు రేషన్ అన్నమే వండుకుంటున్నారు. చిక్కల్లా కోటాను ఇంకా పెంచుదామన్న ఆలోచనతోనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించరాదంటున్నాయి. ఈ ఇంట్లో నెలాఖరున ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

నగదు విషయంలో ఎక్కువ చెప్పాల్సింది లేదు. చండీగఢ్‌లోనూ, మన యానాం భాగంగా ఉన్న పుదుచ్చేరిలోనూ 2015 సెప్టెంబరు నుంచి ధాన్యానికి బదులు ఖాతాలో డబ్బు వేశారు. కావలసింది కొనుక్కునే స్వేచ్ఛ గౌరవప్రదమైనదే, కానీ ధర పెరిగినప్పుడు డబ్బు తరిగిపోతుంది, బియ్యం తరగదు. అద్దె, ఫీజు, చీటీ వాయిదా కూడా అదే ఖాతా మీద కన్నేసి ఉంటాయి.

ఇక ఐదు రూపాయల భోజనం. 2014లో హైదరాబాద్ నగరపాలక సంస్థ అన్నపూర్ణ పేరుతో మొదలుపెట్టినదీ, 2018లో మొదలై మధ్యలో మూతపడి 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్న ఆంధ్రప్రదేశ్ అన్న క్యాంటీన్లూ అడ్డా కూలీకి, ఆటో డ్రైవర్‌కు, ఆసుపత్రికి రోగితో వచ్చిన బంధువుకు నిజంగా ఆదరువు. పైగా అందులో పప్పో సాంబారో, కూరో తప్పక ఉంటుంది. అయితే మన ఇల్లాలికి పని మధ్యలో వరుసలో నిలబడే తీరిక ఉండదు. వేడి అన్నం పొట్లం కట్టి తెచ్చుకుందామన్నా, పిల్లలకు లేనిది తానొక్కతే తినడానికి ఆమె మనసొప్పదు.

నా మొగ్గు పప్పు, గుడ్ల వైపే; ఉన్న బియ్యాన్ని తగ్గించకుండా, కొత్తగా పెట్టే ప్రతి రూపాయినీ వాటికే ఇవ్వాలని. లెక్క అంత సూటిగా లేదని ఒప్పుకోవాలి: కిలో సన్నబియ్యం ధరకు సుమారు ఏడు గుడ్లు వస్తాయి, వాటిలో మాంసకృత్తులు 45 గ్రాముల దాకానే ఉంటాయి, అదే కిలో బియ్యంలో 70 గ్రాములుంటాయి. కానీ ఆ 70 గ్రాములు కావాలంటే 3,500 కేలరీలు తినాలి, గుడ్లతోనైతే సుమారు 800 చాలు. కడుపు ఖాళీగా ఉన్నవారికి బియ్యమే గెలుస్తుంది. బరువు పెరిగి రక్తం తగ్గినవారికి గుడ్డు గెలుస్తుంది. కిలోకు 220 గ్రాముల మాంసకృత్తులు, వాటితో పాటు పీచు కూడా ఉన్న కందిపప్పు ఈ ఇద్దరికీ పనికొస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. తమిళనాడు 2007 నుంచి కందిపప్పునూ పామాయిల్‌నూ చవకగా ఇస్తోంది. పప్పు వరకు దారి సరైనదే కానీ, బరువు గురించి మాట్లాడుతూ నూనెను చవక చేయడం నాకు మింగుడుపడదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చారు, నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, పథకం నిలవలేదు. తొమ్మిదింటి కంటే ఒక్క పప్పును మేలైన రకం కొని ఇవ్వడం డీలర్‌కూ తేలిక, తనిఖీకీ తేలిక.

గుడ్ల సంగతి వేరు. రేషన్ దుకాణంలో గుడ్లు నిలవ ఉంచడం కష్టం, ఇంటికి చేరినా అవి పిల్లల పళ్లెంలోకే పోతాయి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. అక్కడ గుడ్డు ఆమె నోట్లోకే వెళ్తుంది, ఇంట్లో పంచాల్సిన పని ఉండదు. బిడ్డకు ఆరు నెలలు నిండాక మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది. పనికి వెళ్లే ముందు కాకపోయినా, మూడు గంటలకు ఇల్లు చేరే దారిలో ఆమె ఆగేలా అదే అంగన్‌వాడీని ఆమెలాంటివారికీ సాయంత్రం దాకా తెరిచి ఉంచితే, ఇరవయ్యో తారీఖు తర్వాత కూడా ఆమెకు రోజుకో గుడ్డు దక్కుతుంది.