పని బల్లకు బెజ్జాలు వేయడానికి నేను వాడి చూసిన ఐదు రౌటర్ బిట్లు

నల్లగొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డు కింద కిందటి వేసవిలో ఒక పని బల్ల చేసుకున్నాను. దాని ముందు సగం, పొలం గట్టున గాలికి ఒరిగిన వేపచెట్టును సా మిల్లులో కోయించి రెండేళ్ళు నీడన ఆరబెట్టిన 50 మి.మీ. మందపు పలక. వెనుక సగం, రెండు వైపులా సన్మైకా అంటించిన 18 మి.మీ. ప్లైవుడ్. పలకను పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్టుల కోసం వేపకట్టెలో పదకొండు, పలకను ఆనించడానికి బెజ్జాల్లో నిలిపే పొట్టి కడ్డీలైన బెంచ్ డాగుల కోసం ప్లైవుడ్‌లో ముప్పై బెజ్జాలు కావలసి వచ్చాయి. ఇవి అంచులు చెదరకుండా, నిట్టనిలువుగా, అన్నీ ఒకే కొలతలో రావాలి. ఆ పనికి రౌటర్‌కు, అంటే బిట్టును వేగంగా తిప్పి కట్టెను కోసే చేతి యంత్రానికి, తగిలించే ఐదు రకాల బిట్లు కొని వాడాను. వాటిలో ఒకటి పూర్తిగా వృథా అయింది, మిగిలిన నాలుగింటికి దేని చోటు దానికి ఉంది.

బిట్టు కొనడానికి ముందే కొలత తేల్చుకోవాలి. ఇక్కడ చాలామంది తడబడతారు, నేనూ తడబడ్డాను. మన వడ్రంగులు ఆరు సూతులు అనే ముప్పావు అంగుళం సరిగ్గా 19.05 మి.మీ.; పాతకాలపు పద్ధతిలో చేసే హోల్డ్‌ఫాస్టులు ఎక్కువగా ఈ బెజ్జానికే సరిపోతాయి. జర్మనీకి చెందిన ఫెస్టూల్ కంపెనీ ఎం.ఎఫ్.టి. అనే పని బల్లల వల్ల ప్రచారంలోకి వచ్చిన గళ్ళ పద్ధతిలో మాత్రం 20 మి.మీ. బెజ్జాలు 96 మి.మీ. దూరంలో ఉంటాయి. ఒక మిల్లీమీటరు తేడాయే కదా అని ముప్పావు అంగుళం డాగును 20 మి.మీ. బెజ్జంలో దించితే అది వదులు పంటిలా ఊగుతుంది, దానికి ఆనించి కోసిన పలక మూల ఎన్నడూ తిన్నగా రాదు. కాబట్టి డాగులు, హోల్డ్‌ఫాస్టులు ముందు చేతికి తెచ్చుకుని, వాటిని కొలిచి, ఆ తర్వాతే బిట్టు కొనాలి. నేను వేపకట్టెకు 19, ప్లైవుడ్‌కు 20 అని నిర్ణయించుకున్నాను.

మొదట ఆన్‌లైన్‌లో తెప్పించినది 20 మి.మీ. వ్యాసం, రెండు పళ్ళు ఉన్న స్ట్రెయిట్ బిట్టు. నేరుగా కట్టెలోకి దించవచ్చునని అమ్మకందారు రాశాడు గాని, పెట్టె విప్పాక అడుగున చూడవలసిన చోట నేను చూడలేదు. ఉక్కుకన్నా గట్టిదైన కార్బైడ్‌తో చేసిన ఆ రెండు పళ్ళు పక్క అంచులకే పరిమితమై, అడుగున మధ్య భాగం వట్టి ఇనుముగా ఉంది. అలాంటి బిట్టు పక్కకు జరుపుతూ గాడి తీయడానికి పనికి వస్తుంది గాని, నిలువుగా కిందికి నొక్కితే మధ్యలో ఉన్న కట్టెను కోసే పదును దానికి లేదు. అది కట్టెను రుద్దుతుంది, రుద్దిన చోట వేడి పుడుతుంది. తునక ముక్క మీద పరీక్షించకుండా నేరుగా బల్లలోకి దించడం నా తప్పే. పొగ లేచింది, బెజ్జం గోడ బొగ్గులా నల్లబడింది. పక్కింటి వడ్రంగి పెద్దాయన గోడ మీదుగా తొంగి చూసి, “ఏంది బిడ్డా, కట్టెను కోస్తున్నవా, కాలుస్తున్నవా?” అని అడిగాడు. ఆ బెజ్జం ఇప్పటికీ బల్ల ఎడమ మూలన ఉంది.

రెండవ బిట్టు 19 మి.మీ. స్ట్రెయిట్ బిట్టే, కాని దీని అడుగున మధ్య గీతను దాటి వచ్చే మూడవ కార్బైడ్ పలుకు ఉంది. దుకాణంలో బిట్టును తలకిందులు చేసి ఆ పలుకు ఉన్నదీ లేనిదీ చూడడానికి ఒక నిమిషం చాలు. దీనిని నిమిషానికి 16,000 చుట్ల వేగంతో తిప్పి, ఒక్కో దిగుడుకు 5 మి.మీ. మించకుండా దించి, ప్రతిసారీ పూర్తిగా పైకెత్తి పొట్టు ఊదేస్తూ పోతే వేపకట్టెలో గోడలు నున్నగా వచ్చాయి. వేప నార ఒక్క దిక్కున నడవదు, పొర పొరకూ ఎదురు తిరుగుతుంది; అందువల్ల మామూలు డ్రిల్లుకు వేసే ఫ్లాట్ బిట్టు దీనిలో అంచు చుట్టూ పేళ్ళు లేపుతుంది. రౌటర్ బిట్టుతో ఆ బెడద దాదాపు తప్పింది. దీనికి ఉన్న హద్దు లోతు. నా బిట్టు కోత పొడవు 32 మి.మీ., పలక మందం 50. పైనుంచి రౌటర్‌తో 30 మి.మీ. దాకా వెళ్ళి, మిగిలిన 20 మి.మీ.ను చేతి డ్రిల్లుకు పొడవాటి మెలికల 19 మి.మీ. ఆగర్ బిట్టు తగిలించి పూర్తి చేశాను. అప్పటికే నిలువుగా ఉన్న గోడలు ఆగర్‌కు దారి చూపుతాయి కాబట్టి అది పక్కకు వంగదు. కింద ఒక పాత పలకను క్లాంపులతో గట్టిగా బిగిస్తే అడుగు అంచు కూడా చీలదు. పదకొండు బెజ్జాలకు ఒక పూట పట్టింది.

ఇక సన్మైకా సంగతి వేరు. గాజులా పెళుసైన ఆ పైపొర, పదును పైకి లాగినా పలుకులుగా లేస్తుంది. దీనికి పెద్ద బిట్టును నేరుగా దించే పద్ధతి మాని, పదును మెలి తిరిగి ఉండే 12 మి.మీ. స్పైరల్ బిట్టును, రౌటర్ అడుగున బిట్టు చుట్టూ బిగించే గైడ్ బుష్షు అనే పొట్టి గొట్టంతో, బెజ్జం ఉన్న మూసపలకలో తిప్పే పద్ధతికి మారాను. లెక్క సులువు. మూసలోని బెజ్జం నుంచి బుష్షు బయటి వ్యాసానికీ బిట్టు వ్యాసానికీ ఉన్న తేడాను తీసివేస్తే మిగిలేదే మన బెజ్జం. నా బుష్షు 17 మి.మీ., బిట్టు 12, తేడా 5. మూసలో 25 మి.మీ. బెజ్జం ఉంటే బల్లలో 20 వస్తుంది. డ్రిల్లుకు వేసి పెద్ద గుండ్రటి బెజ్జాలు తీసే 25 మి.మీ. ఫోర్స్ట్‌నర్ బిట్టు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది కాబట్టి మూస చేసుకోవడం పెద్ద పని కాదు. అల్మారా తలుపుల కప్పు హింజీలకు వాడే 35 మి.మీ. ఫోర్స్ట్‌నర్ ప్రతి వడ్రంగి పెట్టెలోనూ ఉంటుంది గాని, ఈ పనికి అది పెద్దదవుతుంది. బెజ్జం లోపలి గోడ వెంట రౌటర్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పాలి, ఎదురు దిక్కున తిప్పితే బిట్టు కట్టెను పట్టుకుని ముందుకు గుంజుతుంది. బుష్షుకూ మూసకూ మధ్య పొట్టు ఇరుక్కుంటే బెజ్జం ఆ మేరకు ఇరుకవుతుంది. బ్రష్షుతో తుడిచి రెండవసారి ఒక చుట్టు తిప్పితే సరిపోతుంది.

ఈ మూసలో మూడు స్పైరల్ బిట్లు పెట్టి చూశాను. మెలిక పైకి తిరిగిన అప్‌కట్ బిట్టు పొట్టును బయటికి బాగా తోడేస్తుంది, చల్లగా నడుస్తుంది, కాని పదును పైకి లాగడం వల్ల సన్మైకా అంచు చుట్టూ ఆవగింజంత పలుకులు లేచాయి. ఉత్త కట్టెలో ఆర్‌పార్ కాని గుంటలు తీయడానికి నేను దీన్నే ఎంచుకుంటాను, ఈ బల్లకు మాత్రం కాదు. డౌన్‌కట్ బిట్టు దీనికి తలకిందులు. పైపొరను కిందికి అదిమి కోస్తుంది కాబట్టి అంచు కత్తితో గీసినట్టు వచ్చింది. అయితే పొట్టును కూడా కిందికే తోస్తుంది. కింద దారి లేకపోతే అది గట్టిపడి వేడెక్కి మళ్ళీ నా మొదటి బెజ్జం కథే అవుతుంది. దీనికి మందు ముందుగానే మధ్యలో 10 మి.మీ. డ్రిల్లుతో ఆర్‌పార్ బెజ్జం వేయడం. ఆపైన పొట్టంతా ఆ బెజ్జం గుండా నేల మీదికి రాలిపోయింది. ముప్పైలో ఇరవై రెండు బెజ్జాలు ఈ బిట్టుతోనే వేశాను, పైన ఒక్క పలుకూ లేవలేదు.

చివరిది కంప్రెషన్ బిట్టు. దీని కొన దగ్గర మెలిక పైకి, ఆ పైభాగమంతా కిందికి తిరిగి ఉంటుంది. రెండు వైపులా సన్మైకా ఉన్న పలకల కోసమే పుట్టింది. పైనా కిందా రెండు అంచులూ శుభ్రంగా వచ్చినది దీనితోనే. కాని ఒక షరతు ఉంది. కొన దగ్గరి అప్‌కట్ భాగం పూర్తిగా పలకలోకి దిగితే తప్ప పైఅంచును కోసేది డౌన్‌కట్ భాగం కాదు. నా బిట్టులో ఆ భాగం 6 మి.మీ., కాబట్టి మొదటి దిగుడే 8 మి.మీ. ఉండాలి. చిన్న రౌటర్ అంత లోతును మోయలేక మూలిగింది, పెద్ద రౌటర్‌కు మార్చవలసి వచ్చింది. డౌన్‌కట్‌కు దాదాపు రెట్టింపు ధర పెట్టాను, బల్ల అడుగు ఎవరూ వంగి చూడరు. అల్మారాలు చేసి అమ్మేవారికి ఇది తగిన ఖర్చే, ఒక్క పని బల్లకు మాత్రం కాదు.

రౌటర్‌లోకి దూర్చే బిట్టు కాడ, అంటే షాంకు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. పట్టణంలోని ఒక దుకాణంలో అరంగుళం షాంకు అడిగితే 12 మి.మీ. ఇచ్చి, రెండూ ఒకటే అన్నారు. అరంగుళమంటే 12.7 మి.మీ. ఆ 0.7 మి.మీ. సందుతో, షాంకును పట్టి ఉంచే రౌటర్ బిగింపు అయిన కొలెట్‌ను ఎంత బిగించినా పట్టు కుదరదు, తిరుగుతున్న బిట్టు కిందికి జారుతుంది. 6 మి.మీ., పావు అంగుళం షాంకుల మధ్య కూడా ఇదే గొడవ ఉంది. దుకాణానికి కొలెట్‌నే జేబులో వేసుకుని వెళ్ళి, షాంకు దూర్చి చూసుకోవడం మేలు. బిగించేటప్పుడు షాంకును అడుగంటా దింపి, రెండు మి.మీ. వెనక్కు లాగి, ఆపైన బిగించాలి.

స్ట్రెయిట్ బిట్లు మన హార్డ్‌వేర్ దుకాణాల్లోనే దొరికాయి. మొత్తం కార్బైడ్‌తోనే చేసిన స్పైరల్ బిట్ల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెళ్ళవలసి వచ్చింది. ఇవి పదునులో మేటి గాని, సిమెంటు గచ్చు మీద జారిపడితే కొన విరుగుతుంది. టేకులో ఇసుక గుణం ఉండి పదును త్వరగా అరుగుతుంది కాబట్టి, టేకు బల్ల చేసేవారు మామూలు ఉక్కు బిట్ల జోలికి పోకుండా కార్బైడే తీసుకోవాలి. నాలుగైదు బెజ్జాలే కావలసినవారికి ఈ ఖర్చంతా అక్కరలేదు. డ్రిల్లు స్టాండు, ఒక మంచి ఫోర్స్ట్‌నర్, కింద ఆనించే పాత పలక చాలు. నాలాగా ముప్పై బెజ్జాలు వేయదలచినవారు మాత్రం 12 మి.మీ. డౌన్‌కట్, దానికి సరిపడే బుష్షు కొని, కంప్రెషన్ బిట్టుకు పెట్టే డబ్బుతో 19 మి.మీ. ఆగర్ తెచ్చుకోవచ్చు.