పన్నెండు మెట్ల కిన్నెర: బుర్ర మోగింది, మైనం జాగ్రత్త

అచ్చంపేట దిక్కు, కథలు పాడే డక్కలి కులంలోని ఒక కుటుంబం చేసిచ్చిన కిన్నెర ఇది, మీటి వాయించే తీగల వాద్యం. వెదురు బొంగు, మూడు సొరకాయ బుర్రలు, ఉక్కు తీగలు, స్వరం కోసం తీగను నొక్కే మెట్లు పన్నెండు, మైనంతో నిలబెట్టినవి. అంగట్లో వరసపెట్టి అమ్మే వస్తువు కాదు, చెప్పి చేయించుకోవాల్సిందే.

ముందు బుర్ర చూడండి. కాయ పాదు మీదే ముదిరి, గోరు దిగనంత గట్టిపడ్డాక కోసి ఎండబెట్టిందైతేనే మోగుతుంది. పచ్చిగా కోసింది ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, లోపల బూజు పట్టి పెంకు మెత్తబడుతుంది. వేలి కణుపుతో కొడితే కుండ మోగినట్టు మోగాలి. అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్బుమంటే తీసుకోవద్దు. ఈ కిన్నెరకు పెద్ద బుర్ర, నడిమి బుర్ర నిండుగా పలుకుతున్నాయి. చిన్నదాని పెంకు మాత్రం మెడ దగ్గర పలుచన, అక్కడ దెబ్బ తగలకుండా చూసుకోవాలి. బుర్రకూ బొంగుకూ మధ్య సందు పడితే తీగ మీటగానే జర్రుమంటుంది. చాలామంది తీగది తప్పనుకుని దాన్నే మారుస్తారు. బుర్ర కట్టు బిగిస్తే చాలు, ఆ చప్పుడు పోతుంది.

అసలు పని మెట్ల దగ్గరుంది. మైనంతో అతికించినవి కాబట్టి పాడే గొంతును బట్టి జరుపుకోవచ్చు, ఈ సుఖం గట్టిగా బిగించిన మెట్ల వాద్యాల్లో లేదు. కాని తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే సాయంత్రానికి మెట్లన్నీ ఒరిగిపోయి ఉంటాయి. చలికాలం పొద్దున అదే మైనం పెళుసెక్కి మెట్టు ఊడొస్తుంది. ఊడినచోట బంక పెట్టారంటే ఇక ఆ మెట్టు జరగదు. పాత మైనం గీకేసి, కొత్త ముద్దను చేతిలో వెచ్చబడేదాకా పిసికి, మెట్టు నిలబెట్టి, శృతి చూసుకుని ఆరనివ్వాలి.

శృతికి ఒక ఆనవాలు. తీగ మోగే పొడవులో సగం దగ్గరున్న మెట్టు, నొక్కని తీగ స్వరాన్నే పై స్థాయిలో పలకాలి. నొక్కితే తీగ సాగి స్వరం కాస్త ఎక్కుతుంది గనుక, మెట్టును సరిగ్గా సగానికి కాక, మీటే చోటుకు రవ్వంత దూరంగా పెట్టాలి. దీంట్లో ఆ మెట్టు వడ్లగింజంత తప్పింది, జరిపితే కుదిరింది.

పాత కిన్నెరలకు మెట్లు అలుగు (ఒళ్లంతా పెంకులుండి, చీమలు తినే అడవి జంతువు) పెంకులతో పెట్టేవాళ్లు. అలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, దాని పెంకు అమ్మినా కొన్నా నేరమే. ‘అసలు పెంకు’ అని ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోకండి. దీనికి వెదురు పేళ్లు వాడారు. మోత కొంచెం మొద్దుబారింది నిజమే, పాటకు లోటేమీ లేదు.

గట్టి మోత కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. కిన్నెర పట్టినవాడు పాటగాడే కాదు, కథకుడు కూడా. డక్కలివాళ్లు మాదిగల పుట్టుక కథ జాంబపురాణం చెప్పినా, పాలమూరు పల్లెల్లో పేదల వీరుడు పండుగ సాయన్న కథ పాడినా, మాట మునిగిపోకూడదు. కథ మాటల్లో నడుస్తున్నంతసేపు తీగ మాట వెనక సన్నగా సాగుతుంది, పాట అందుకోగానే చెయ్యి మెట్లెక్కుతుంది. ఇది ఎలా ఉంటుందో తెలియాలంటే 2022లో పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగిలయ్యను వినండి. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. వేదిక మీదైతే మైకు తీగల దగ్గర కాదు, పెద్ద బుర్రకు జానెడు దూరంలో పెట్టించండి. తీగల దగ్గర పెడితే గోటి గీతలే వినపడతాయి.

సంచి ఇవ్వరు. దుప్పట్లో చుట్టి, బుర్రల మీద బరువు పడకుండా తేవాలి. వానాకాలం పెట్టిన పాదు కాయ ముదిరి, ఎండి చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. కావాల్సినవాళ్లు వానల్లోనే చెప్పిపెట్టుకోండి, చేసేవాళ్లను తొందరపెట్టకండి.