పోలండ్‌లో వారసత్వం తేల్చుకోవడానికి కోర్టు మేలా, నోటరీ మేలా?

అక్కడ స్థిరపడిన మనవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. మనిషి పోయాడు, ఫ్లాట్ ఆయన పేరున ఉంది, బ్యాంకులో కొంత డబ్బుంది. వారసులెవరో ఖాయం చేసే కాగితం లేకపోతే బ్యాంకూ కదలదు, భూమి రిజిస్టరులో పేరూ మారదు. ఆ కాగితం ఇచ్చేది ఇద్దరే: కోర్టు, నోటరీ.

అక్కడి నోటరీ మన కోర్టు గేటు పక్కన స్టాంపు వేసే నోటరీ కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. న్యాయశాఖ మంత్రి నియమించిన మనిషి. 2008 అక్టోబరు 2 నుంచి వారసత్వ ధ్రువీకరణ పత్రం రాసే అధికారం వాళ్లకూ వచ్చింది. దాన్ని పోలిష్‌లో అక్త్ పోష్వియత్చేనియా జెజిచేనియా అంటారు. నోటరీ దాన్ని వారసత్వ రిజిస్టరులో ఎక్కించగానే కోర్టు తుది ఉత్తర్వుతో సమానం. కాబట్టి "నోటరీ కాగితం తక్కువ, కోర్టు కాగితం ఎక్కువ" అన్న భయం అక్కర్లేదు.

ఖర్చుల దగ్గరా పెద్దగా తేల్చేదేమీ లేదు. కోర్టులో దరఖాస్తుకు 100 జ్లోటీలు, రిజిస్టరులో నమోదుకు మరో 5. నోటరీ దగ్గర వారసుల వాంగ్మూలానికి గరిష్ఠంగా 100, ధ్రువీకరణ పత్రానికి 50, వాటి మీద 23 శాతం వ్యాట్, నమోదుకు అదే 5, నకళ్లకు పేజీల లెక్కన కొంత. వీలునామా తెరవాల్సి వస్తే ఇంకో 50. అంతా కలిపినా కోర్టుకూ నోటరీకీ మధ్య తేడా ఫ్లాట్ విలువ ముందు చిల్లర.

వేగంలో మాత్రం నోటరీదే పైచేయి. పత్రాలన్నీ సరిగా ఉంటే ఒక పూటలో అయిపోతుంది. పైగా దేశంలో ఏ నోటరీ దగ్గరికైనా వెళ్లొచ్చు. కోర్టయితే పోయినవారు చివరగా నివసించిన ఊరి జిల్లా కోర్టుకే వెళ్లాలి, వాయిదా తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. నన్ను అడిగితే ఎప్పుడూ ముందు నోటరీ పేరే చెబుతాను.

అయితే దీన్ని తేల్చేది వేగమూ కాదు, రుసుమూ కాదు. వారసులు కాగలిగిన వాళ్లందరూ వచ్చి నోటరీ ముందు కూర్చోగలరా అన్నదే అసలు విషయం. మనవాళ్లు బోర్లా పడేది ఇక్కడే.

ఒక ఉదాహరణ చూడండి. భార్యాభర్తలిద్దరూ వార్సాలో ఉంటున్నారు, పిల్లల్లేరు, భర్త పోయాడు, వీలునామా లేదు. అంతా భార్యదే అనుకుంటాం. కాదు. పోలిష్ సివిల్ కోడ్ ప్రకారం పిల్లల్లేనప్పుడు భార్యకు సగం, మిగతా సగం తల్లిదండ్రులకు చెరో పావు. మనం భారత పౌరులం కదా, మన చట్టం వర్తించదా అంటే, ఐరోపా సమాఖ్య నిబంధన 650/2012 ప్రకారం 2015 ఆగస్టు 17న గానీ ఆ తర్వాత గానీ పోయినవారికి చివరగా నివాసమున్న దేశపు చట్టమే వర్తిస్తుంది. వీలునామాలో "నా పౌరసత్వ దేశపు చట్టమే వర్తించాలి" అని ముందే రాసుకున్నవాళ్ల సంగతి వేరు. (మన 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో భర్త పోతే తల్లి, భార్యతో పాటు మొదటి వరుస వారసురాలు, తండ్రి రెండో వరుస. పోలండ్ చట్టం ఇద్దరినీ సమానంగా చూస్తుంది. పిల్లలుంటే మాత్రం ఇద్దరికీ సున్నా.)

అంటే గుంటూరులో ఉన్న అత్తామామలు కూడా వారసులే. నోటరీ దారి పట్టాలంటే వాళ్లూ రావాలి. "జీపీఏ రాయించి పంపిస్తారు, సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. ఇంకెవరైనా వారసులున్నారా, ఎవరైనా వాటా వదులుకున్నారా అని నోటరీ అడిగే ప్రశ్నలకు, అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని తెలిసి, ఒక్కొక్కరూ సొంత నోటితో జవాబు చెప్పాలి. వారసులు పోలండ్‌లోనే వేరువేరు ఊళ్లలో ఉంటే ఒక వెసులుబాటుంది. ఒక నోటరీ ముసాయిదా రాస్తే, మిగతావాళ్లు తమ ఊళ్లోని నోటరీ ముందు దాన్ని ఒప్పుకోవచ్చు. గుంటూరు నోటరీ స్టాంపు దీనికి పనికిరాదు.

వీలునామా ఉంటే ఈ రాకపోకలు తప్పుతాయా అంటే అదీ లేదు. వీలునామా ఎవరి పేరున ఉన్నా, అది లేకపోతే వారసులయ్యేవాళ్లూ నోటరీ ముందుకు రావాల్సిందే. వాటాలు మారతాయంతే. అప్పుడు కూడా తల్లిదండ్రులకు జహోవెక్ (వీలునామాలో పేరు లేకపోయినా దగ్గరివాళ్లకు దక్కే కనీస సొమ్ము) హక్కు ఉంటుంది: మామూలుగా వచ్చే వాటాలో సగం, శాశ్వతంగా పని చేయలేని స్థితిలో ఉంటే మూడింట రెండొంతులు, డబ్బు రూపంలో.

కోర్టు ఇలా పట్టుబట్టదు. దరఖాస్తు పెట్టినవారు హాజరై ప్రమాణపూర్వకంగా చెబితే చాలు. మిగతా వారసులకు సరిగ్గా నోటీసు అందితే వాళ్లు రాకపోయినా కేసు నడుస్తుంది, లాయరుకు వకాలతు ఇవ్వొచ్చు. ఇండియాకు నోటీసు వెళ్లి రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి వకాలతే మంచిది. దానికి అపోస్టిల్ (పత్రం అసలుదేనని విదేశాలకు చూపే ప్రభుత్వ ముద్ర) వేయించి పంపితే ఇంకా నయం. అందుకే అత్తామామలు రాలేని పరిస్థితిలో, నోటరీ మీద ఎంత మొగ్గున్నా కోర్టే దారి. వాళ్లకు వీసా దొరికి రాగలిగితే, ఆ ప్రయాణాన్నే నోటరీ అపాయింట్‌మెంటుకు వాడుకోండి.

వారసుల్లో ఒక్కరు అడ్డం తిరిగినా నోటరీ తప్పుకుంటాడు. నోటిమాట వీలునామాల జోలికీ, 1984 జూలై 1కి ముందు పోయినవారి ఆస్తి జోలికీ వెళ్లడు. ఇవన్నీ కోర్టుకే.

రెండు దారుల్లోనూ పీడించేది పత్రాలు. పెద్దవాళ్లకు జనన ధ్రువపత్రం ఉండదు, పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపెట్టుకుంటాం. పోలండ్‌లో అడిగేది తల్లిదండ్రుల పేర్లున్న జనన పత్రం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం మాత్రమే ఉంటే, ఆ ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవాలి. దీని పని ఇండియాలో ముందే మొదలుపెట్టండి. అపోస్టిల్, అధికారిక గుర్తింపున్న అనువాదకుడు తర్వాత.

అప్పులున్నాయని అనుమానముంటే, వారసత్వం వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఆరు నెలల్లోగా వద్దని చెప్పొచ్చు. ఇందుకూ కోర్టైనా నోటరీ అయినా సరే. చెప్పకపోతే వచ్చిన ఆస్తి విలువ మేరకే అప్పులు మీద పడతాయి.

ఇక వాటాల పంపకం వేరే కథ. ఫ్లాట్ ఎవరు ఉంచుకోవాలో రాసుకోవడానికి నోటరీ రుసుము ఆస్తి విలువను బట్టి పెరుగుతుంది. అందరూ ఒప్పుకున్న పంపకాన్ని కోర్టుకు తీసుకెళితే 300 జ్లోటీలు. ఇక్కడ మాత్రం నేను కోర్టే అంటాను, తొందర లేకపోతే. ఐరోపా వారసత్వ పత్రం అని ఇంకొకటుంది, అది ఇంకో సమాఖ్య దేశంలో ఆస్తి ఉన్నవాళ్లకే.

నోటరీ దగ్గర పనైపోయింది కదా అని ఇంటికెళ్లి కూర్చున్నవాళ్లు దెబ్బతినే చోటు ఇంకొకటుంది. భార్యాపిల్లలకు వారసత్వ పన్ను మినహాయింపు దానంతటదే రాదు. ధ్రువీకరణ రిజిస్టరులో ఎక్కిన రోజు నుంచి, కోర్టయితే ఉత్తర్వు తుదిరూపం దాల్చిన రోజు నుంచి, ఆరు నెలల్లోపు ఎస్‌డీ-జెడ్2 ఫారం పన్నుల కార్యాలయంలో ఇవ్వాలి. ఆ ఫారం నోటరీ నింపడు, మీరే నింపాలి.