ఇఫియోమా దారా, బియాట్రిస్ దారా?

నైజీరియా రచయిత్రి చిమమాండా న్గోజి అడిచీ తొలి నవల 'పర్పుల్ హైబిస్కస్' (2003) చదివినవాళ్ళు నలుగురు కలిస్తే వాదన ఇక్కడే ఆగుతుంది. ఇంట్లో నియంతను ఎదిరించాలంటే ఆడపడుచు ఇఫియోమా దారి మేలా, భార్య బియాట్రిస్ దారి మేలా?

ఆ నియంత యూజీన్. నైజీరియాలోని ఎనుగు పట్టణంలో ఫ్యాక్టరీల ఆసామి. సైనిక పాలకుల అవినీతిని బయటపెట్టే 'స్టాండర్డ్' పత్రిక ఆయనదే. దాని సంపాదకుడు ఆడె కోకర్ ఇంటికొచ్చిన పార్శిల్ బాంబుకు బలైపోతాడు (1986లో లాగోస్‌లో డెలె గివా అనే సంపాదకుడు నిజంగానే ఇలా చనిపోయాడు). బయట ఇంత ధైర్యం చూపే మనిషి, 'అన్యమతస్థుడైన' తాతతో ఒకే ఇంట్లో ఉందని కూతురు కాంబిలిని బాత్‌టబ్‌లో నిలబెట్టి కాళ్ళ మీద మరిగే నీళ్ళు పోస్తాడు. పోస్తూ ఏడుస్తాడు కూడా! నాకు ఆ ఏడుపుకే ఎక్కువ భయం వేసింది.

ఇఫియోమా ఆయన సొంత చెల్లెలు. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు, న్సుక్కా యూనివర్సిటీలో లెక్చరర్ ఉద్యోగం. పెట్రోల్ దొరకదు, కరెంటు ఉండదు. మేకప్ మానెయ్, కూతుర్ని కాన్వెంట్‌లో వెయ్, కారు కొనిస్తానని అన్న అంటే కుదరదంటుంది. ఆమె ఇంట్లో పిల్లలు తల్లితోనే వాదిస్తారు, పగలబడి నవ్వుతారు. నోరు విప్పడానికే భయపడే కాంబిలి అక్కడే మాట నేర్చుకుంటుంది. మట్టల ఆదివారం నాడు కాంబిలి అన్న జాజా దివ్యసత్ప్రసాదం (చర్చిలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకోనని తండ్రి ఎదుట అనగలిగాడంటే ఆ ధైర్యం న్సుక్కా నుంచి తెచ్చుకున్నదే.

అయినా ఆమె దారికీ హద్దుంది. భద్రతా విభాగం వాళ్ళు ఇల్లు సోదా చేస్తారు, ఉద్యోగం పోతుంది, పిల్లల్ని తీసుకుని అమెరికా వెళ్ళిపోతుంది. ఇల్లు తగలబడుతుంటే బయటికి పరిగెత్తాలి కదా అని వదినకు చెప్పిందే గానీ, ఆమెను బయటికి తేలేకపోయింది.

బియాట్రిస్ సంగతి వేరు. దెబ్బలు తిన్న ప్రతిసారీ షెల్ఫులో బొమ్మలు తుడుచుకుంటూ కూర్చునే మనిషి. గర్భంతో ఉండగా మొగుడు చిన్న బల్లతో కొడితే న్సుక్కాకు పారిపోయి వచ్చింది, ఆయన ఫోన్ చేస్తే మళ్ళీ తిరిగి వెళ్ళింది. యూజీన్ తన టీలో మొదటి గుక్క పిల్లలకిచ్చేవాడు. నాలుక కాలినా అది ప్రేమేనట. అదే టీలో ఆవిడ విషం కలిపింది.

ఫలితమే కొలత అనుకుంటే బియాట్రిస్‌దే పైచేయి. ఆ ఇంట్లో కొట్టే చెయ్యి ఆగింది ఆవిడ వల్లనే. ఆవిడను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఒకటి ఎంచుకోమంటే ఇఫియోమా వైపే ఉంటాను. బియాట్రిస్ చేసినదాని ఖరీదు ఆవిడ కట్టలేదు. నేరం తన మీద వేసుకుని దాదాపు మూడేళ్ళు జైల్లో మగ్గింది జాజా. చంపింది నేనే అని ఆ తల్లి కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. దుఃఖంతో మతి పోయిందనుకుని ఎవరూ నమ్మరు.